అన్నీ లేచాయని నా సంతకం

జూన్ 9, 2008. సోమవారం

మళ్ళీ రాలేదు.

నోటీసు బోర్డు మీద ప్రమోషన్ల జాబితా. నాలుగు పేర్లు. పైనుంచి కిందికి చదివాను, కిందినుంచి పైకి చదివాను. వెనక ఎవరో వచ్చి నిలబడితే, నాకేం పని లేనట్టు పక్కకు తప్పుకున్నాను.

పదకొండేళ్ళు. ఈ ఆసుపత్రికి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు అట్టపెట్టె చింపింది నేను. ఇవాళ ఉన్న రెండు సర్వర్లూ, వాటి మీద నడిచే ప్రతిదీ — రోగుల నమోదు, వార్డులు, ల్యాబ్, మందుల కౌంటర్, బ్లడ్ బ్యాంక్ — అన్నీ నేను నిలబెట్టినవే. కాగితం మీద మాత్రం ఇంకా 'ఆపరేటర్, గ్రేడ్ టూ'.

మా కంప్యూటర్ విభాగానికి పెద్ద సిన్హా గారే కదా, ఆయన్నే అడిగాను. ఫైలులోంచి తల ఎత్తలేదు. "డిప్లొమా మీద ఆఫీసర్ పోస్టు కష్టం, ఎస్తేర్‌జీ. దేఖ్తే హై."

పదకొండేళ్ళుగా దేఖ్తే హై. చూద్దాం, చూద్దాం.

జూన్ 11

ఎక్స్‌రేలో కొత్తగా చేరిన డాక్టరు వరండాలో అందరి ముందూ చప్పట్లు కొట్టి పిలిచాడు — "ఓ కంప్యూటర్‌వాలీ!" మౌస్ పని చేయడం లేదట. తీగ ఊడి ఉంది. గుచ్చి వచ్చాను.

జూన్ 14, శనివారం

వాన. మా బిర్సానగర్ రోడ్డంతా బురద. మా ఆయనకు గోవింద్‌పూర్‌లో షిఫ్టు. మా అమ్మాయి మిన్నీ ట్యూషన్‌కి పోయింది. అత్తయ్యా నేనూ చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చున్నాం.

"ఏటే, వారం బట్టి మొకం అలాగెట్టుకున్నావు?"

ప్రమోషన్ సంగతి చెప్పాను. అసలు నువ్వు అక్కడ చేసేదేటి అని అడిగింది. ముప్పై ఏళ్ళు అదే ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. చెప్పాను — ఒక్కో సర్వర్ లోపల ఐదారు కంప్యూటర్లు ఉన్నట్టే లెక్క, పైకి చూస్తే ఒక్క ఇనప పెట్టె. ఒక పెట్టె పడిపోతే దాని మీదున్నవన్నీ రెండో పెట్టె మీద వాటంతట అవే లేస్తాయి. హై అవైలబిలిటీ అంటారు.

"అంటే ఒక ఆయా రాకపోతే రెండో ఆయా రెండు వార్డులూ సూత్తాది. అంతేనా?"

"అంతే అత్తయ్యా."

"మరి ఆ రెండో దానికి అప్పటికే సేతినిండా పనుంటేనో?"

నవ్వాను. ఈ ప్రశ్న సిన్హా గారు ఇంతవరకు అడగలేదు.

జూన్ 17

రెండో సర్వర్‌కు మెమరీ కొనాలని మూడోసారి కోరుతూ కాగితం పంపాను, మూడో ఇండెంట్.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం పరీక్ష చేశాను. మొదటి సర్వర్‌ను నేనే ఆపాను. దాని మీదున్న ఐదింటిలో నాలుగు లేచాయి. రెండో సర్వర్‌కు దాని సొంత పనులు ముందే ఉన్నాయి, అక్కడితో అది నిండిపోయింది. ఐదోది లేవలేదు. తెర మీద ఎర్రగీత, మెమరీ చాలదని.

లేవనిది బ్లడ్ బ్యాంక్. ఎందుకంటే లేచే వరసలో ఆఖరిది అదే. వరస సిన్హా గారు చెప్పారు, పెట్టింది నేను. "నమోదు కౌంటర్ ముందు పెట్టండి. లాబీలో లైను ఆగితే అందరికీ కనబడుతుంది. బ్లడ్ బ్యాంక్‌కి రిజిస్టర్లున్నాయి కదా, ఆఖర్న ఉండనీయండి." అప్పుడు తప్పనిపించలేదు. రిజిస్టర్లు ఉన్నాయి నిజంగానే.

ఇండెంట్ సాయంత్రానికే తిరిగొచ్చింది. 'వచ్చే బడ్జెట్‌లో.'

జూన్ 23, సోమవారం

సిన్హా గారు కూర్చోమన్నారు. పదకొండేళ్ళలో ఆ గదిలో కూర్చోవడం ఇదే మొదటిసారి. టీ కూడా తెప్పించారు.

మా సర్వర్ సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ వాళ్ళు కలకత్తాలో సభ పెట్టి, తూర్పు రాష్ట్రాల్లో హై అవైలబిలిటీని బాగా నడుపుతున్న సంస్థలకు గుర్తింపు ఇస్తారట. దరఖాస్తు తొమ్మిది పేజీలు. అందులో బొమ్మలన్నీ నేను గీసినవే. పైన పేరు ఆయనది. ఆఖరి పేజీ మీద మాత్రం సర్వర్లు నడిపే మనిషి సంతకం పెట్టాలి — 'సర్వర్‌ను ఆపి పరీక్షించాను, అన్ని సేవలూ వాటంతట అవే లేచాయి' అని.

"అన్నీ లేవలేదు కదా సర్."

"మెమరీ వచ్చాక లేస్తాయిగా."

"వచ్చాకే పెడతాను, సర్."

నవ్వారు. సొరుగులోంచి ఇంకో కాగితం తీసి దాని పక్కన పెట్టారు. సిస్టమ్స్ ఆఫీసర్ పోస్టుకు సిఫారసు. నా పేరు టైపు చేసి ఉంది, తప్పుల్లేకుండా.

రెండు కాగితాలూ నావైపు తిప్పి టీ తాగారు.

జూన్ 24

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

జూన్ 25

నాలుగు లేచాయి కదా. ఒక్క ఐదోదే. దానికీ రిజిస్టర్లున్నాయి కదా. నెలా రెండు నెలల్లో మెమరీ వస్తుంది కదా…

ఎన్ని 'కదా'లు.

జూన్ 27, శుక్రవారం

పెట్టేశాను. నీలం సిరా.

జూలై 1

ఆర్డరు వచ్చింది. సిస్టమ్స్ ఆఫీసర్.

సాక్చి బజారులో దిగి లడ్డూలు కొన్నాను. మిన్నీ కాగితం లాక్కుని గట్టిగా చదివి, "మమ్మీ, అబ్ తుమ్ ఆఫీసర్ హో? సచ్చీ?" అంటూ గెంతింది. మా ఆయన ఆర్డరు తీసుకెళ్ళి బీరువాలో ఇంటి కాగితాల మధ్య పెట్టారు. అత్తయ్య నా గడ్డం పట్టుకుంది. "ఒలమ్మ, నాను బెడ్‌ప్యానులు మోసిన ఆసుపత్రిలో నా కోడలు ఆపీసరే!" కళ్ళ నీళ్ళు. లడ్డూ తుంచి నా నోట్లో పెట్టింది.

మింగాను.

జూలై 5, శనివారం

నేమ్‌ప్లేటు. సాక్చి సందులో చెక్కించాను. నల్ల పలక, తెల్ల అక్షరాలు. సర్వర్ గది తలుపుకి నేనే మేకులు కొట్టాను. కాస్త దూరం వెళ్ళి చూసుకుని, మళ్ళీ దగ్గరికొచ్చి చూసుకున్నాను.

జూలై 10

అదే ఎక్స్‌రే డాక్టరు. "మేడమ్, తీరిక ఉన్నప్పుడు ఒకసారి…" అన్నాడు. ఇంత హాయిగా ఉంటుందనుకోలేదు. హాయిగా ఉన్నందుకు సిగ్గేసింది. సిగ్గేసినా హాయి పోలేదు.

జూలై 15, మంగళవారం

డైరెక్టర్ గారి ఆర్డరు. ఈ రోజు నుంచి అన్ని విభాగాల్లోనూ కాగితపు రిజిస్టర్లు బంద్. 'మన కంప్యూటర్ వ్యవస్థ ఇక ఆగదని నిపుణుల పరీక్షలో రుజువైంది కాబట్టి.'

నిపుణులు అంటే నేను.

కిందికి పరిగెత్తాను. అప్పటికే బ్లడ్ బ్యాంక్ రిజిస్టర్లు ట్రాలీలో పెట్టి స్టోరుకు తోసుకెళ్తున్నారు. బ్లడ్ బ్యాంక్ చూసుకునే సుశీల సిస్టర్ గుమ్మంలో నిలబడి చూస్తోంది. బరంపురం మనిషి, నాతో తెలుగులోనే మాట్లాడుతుంది.

"ఎస్తేరూ, సంచి మీద ఇప్పుడు ఉత్త బార్‌కోడే. ఏ సంచిలో రక్తానికి పరీక్షలు అయ్యాయో, ఏది కాలేదో అంతా నీ కంప్యూటర్‌లోనే. అది ఆగితే మరి?"

చెప్పాల్సింది అప్పుడే. ట్రాలీ పది అడుగుల దూరంలో ఉంది.

"రెండో సర్వర్ అందుకుంటుంది సిస్టర్," అన్నాను.

"నువ్వు అన్నావు, చాలు."

జూలై 16

సిన్హా గారి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. రిజిస్టర్లైనా వెనక్కి పంపండి, లేదా వరస మార్చనివ్వండి అన్నాను. సూటు ఇస్త్రీకి ఇచ్చిన రసీదు వెతుక్కుంటున్నారు. "కలకత్తా నుంచి వచ్చాక. ఇప్పుడు ఈ మాట బయటపడితే నా పరువే కాదు, మీ ఆర్డరూ పోతుంది."

వరస నేనే మార్చేయొచ్చు. రెండు క్లిక్కులు. మార్చలేదు… ఆయన చూస్తే?

జూలై 19, శనివారం

కలకత్తా సభలో ఇచ్చిన గాజు ఫలకం తెచ్చారు. లాబీలో పెట్టి దీపం వెలిగించారు. ఒక్కటే పేరు, సిన్హా గారిది. దాని కింద చిన్న అక్షరాల్లో 'మరియు బృందం'. బృందంలో ఉన్నది నేనొక్కదాన్నే.

ఏడుపు రాలేదు. రిజిస్టర్లు ఏ గదిలో పెట్టారో అని ఆలోచిస్తూ చప్పట్లు కొట్టాను.

జూలై 20, ఆదివారం

చర్చిలో నోరు కదిపాను, పాట రాలేదు. రేపు డైరెక్టర్ గారికి చెప్పేయాలి. నిశ్చయం.

జూలై 21

గంటసేపు డైరెక్టర్ గారి గది బయట బెంచీ మీద. లోపల మీటింగు. ప్యూను, "ఏం పని మేడమ్?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి లేచి వచ్చేశాను. రేపు.

జూలై 22, మంగళవారం

అందరూ పడుకున్నారు. రాస్తాను.

ఉదయం పది నలభై. మొదటి సర్వర్ పడిపోయింది. ఉరుము లేదు, కరెంటు పోలేదు. ఒక్కసారిగా ఫ్యాన్ల చప్పుడు సగమైంది. తెర వైపు తిరిగాను. ఒకటి లేచింది. నమోదు. తర్వాత వార్డులు. ల్యాబ్. మందుల కౌంటర్. నాలుగు నిమిషాలు పట్టిందంతే. నేను కట్టిందే, ఎంత చక్కగా లేచింది!

ఐదోది ఎర్రగీత.

సర్వర్ పడిన కబురు సిన్హా గారి ఫోన్‌కి ముందే వెళ్ళి ఉంటుంది, అయినా ఫోన్ చేశాను. లాబీలో ఉన్నారు, డైరెక్టర్ గారితో పాటు బయటి నుంచి ఎవరో అతిథులు. వెనక నవ్వులు వినిపిస్తున్నాయి. "చూశారా సర్, సర్వర్ పడింది, లైను ఒక్క నిమిషం కూడా ఆగలేదు" అని ఎవరితోనో అంటూనే ఫోన్ ఎత్తారు.

"సర్, బ్లడ్ బ్యాంక్ లేవలేదు. మందుల కౌంటర్ ఆపి దానికి చోటు ఇస్తాను."

"ఏదీ ఆపొద్దు. అందరూ ఇక్కడే ఉన్నారు. నేను వచ్చి చెప్తాను, ఆగండి."

ఆగాను.

గడియారం చూస్తూ ఆగాను. ఐదు నిమిషాలు. పది. మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. పదిహేను. అప్పుడు సుశీల సిస్టర్ ఫోన్. గొంతు చిన్నగా ఉంది. "ఎస్తేరూ, కాన్పు వార్డు నుంచి మనిషి వచ్చి నిలబడ్డాడు. బిడ్డ పుట్టింది, తల్లికి రక్తం ఆగడం లేదంట. ఫ్రిజ్ నిండా సంచులు. పరీక్ష అయింది ఏదో, కానిది ఏదో తెలీడం లేదు. డాక్టర్ గారు తెలియని రక్తం ఎక్కించొద్దంటున్నారు. మళ్ళీ మొదట్నుంచి పరీక్ష మొదలెట్టాం. ఎంతసేపే?"

"ఇప్పుడే," అన్నాను.

అన్నాక కూడా ఇంకో రెండు నిమిషాలు కూర్చున్నాను. ఎందుకో నాకు తెలీదు. ఫోన్ మోగుతుందనుకున్నాను. అనుమతి వస్తుందనుకున్నాను.

మందుల కౌంటర్ ఆపేశాను. ఎర్రగీత పోయింది. బ్లడ్ బ్యాంక్ లేవడానికి ఆరు నిమిషాలు. మొత్తం ముప్పై నిమిషాలు. అందులో చాలా మటుకు నేను ఊరికే కూర్చుని ఎదురుచూసినవే.

కిందికి వెళ్ళేసరికి రెండు సంచులు పట్టుకుని ఎవరో మెట్ల మీద పరిగెడుతున్నారు. లాబీలో లైను కదులుతూనే ఉంది. ఎవరికీ ఏమీ తెలియదు.

జూలై 23

పేరు మాల్తీ. ఇరవై రెండేళ్ళు. తొలి కాన్పు, ఆడపిల్ల. భర్త బిర్సానగర్ లైనులో ఆటో నడుపుతాడు.

బతికింది. గర్భసంచి తీసేశారు.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మను చేతులు కడుక్కునే చోట పట్టుకున్నాను. "రక్తం ముందే అంది ఉంటే, మేడమ్?"

కుళాయి కట్టేసి చేతులు తుడుచుకున్నారు. "ఏమో. అయినా తీయాల్సి వచ్చేదేమో. అక్కర్లేకపోయేదేమో. ఎవరూ చెప్పలేరు."

ఇది శిక్షో, విడుదలో తెలియడం లేదు.

జూలై 24

మెమో. సంజాయిషీ ఇవ్వాలట. 'శ్రీమతి ఎస్తేరు, సిస్టమ్స్ ఆఫీసర్, తన ధ్రువీకరణలో…'

హోదాతో నా పేరు మీద వచ్చిన మొదటి కాగితం ఇదే.

జూలై 26, శనివారం

ఇంట్లో చెప్పాను. మొత్తం.

మా ఆయన చెప్పులు విడిచి గుమ్మం పక్కన సర్దారు. తర్వాత, "సిన్హా ఒత్తిడి చేశాడని చెప్పు. అది అబద్ధం కూడా కాదు కదా. నలభై ఏళ్ళొచ్చాక ఈ ఊళ్ళో ఇంకో ఉద్యోగం ఎవడిస్తాడు? మిన్నీ వచ్చే ఏడాది తొమ్మిదిలోకి వస్తుంది."

అత్తయ్య మాట్లాడుతుందని చూశాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట పక్కన పెట్టాక అంది — "రగతం కోసరం ఆ మెట్లు నానే ఎక్కీదాన్ని. సిస్టరు బుక్కు తీసి, ఏలు పెట్టి సూసి, ఇచ్చీది. ఆ బుక్కులు అట్టుకెళ్ళిపోయిన రోజు నిన్ను అడిగిందా లేదా?"

"అడిగింది."

"నువ్వేటన్నావు?"

"రెండో సర్వర్ అందుకుంటుందన్నాను."

"అందుకోదని తెలిసేనా?"

తల ఊపాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. లేచి లోపలికి వెళ్ళింది. ఇవాళ మిన్నీకి అన్నం తనే పెట్టింది, నాకు పెట్టలేదు. పదిహేనేళ్ళలో మొదటిసారి.

జూలై 29, మంగళవారం

సిన్హా గారు సర్వర్ గదికి వచ్చారు. తలుపు మీద నా పేరు చదివి, లోపలికొచ్చి, నా కుర్చీలో కూర్చున్నారు. మనిషి నలిగిపోయి ఉన్నాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"ఎస్తేర్‌జీ, ఏప్రిల్‌లో అన్నీ లేచాయి, తర్వాత లోడు పెరిగింది. ఇలా చెప్తే ఇద్దరం బయటపడతాం. ఏప్రిల్ పరీక్షకు కాగితం ఏమీ లేదు కదా?"

"సర్వర్ తనంతట రాసుకునే లాగ్‌లో ఉంది సర్. ఎర్రగీత, తేదీతో సహా."

"పాత లాగ్‌లు దాచుకుంటే డిస్కు నిండిపోతుంది. తుడిచేయడం మామూలే." లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "మా అబ్బాయి ఇంజనీరింగ్ సీటు ఈ నెల్లోనే…" అన్నారు. మాట పూర్తి చేయలేదు.

కోపం రాలేదు ఆయన మీద. అదే భయంగా ఉంది. ఆయన స్థానంలో నేనుంటే ఇదే మాట ఇంకా మర్యాదగా అడిగేదాన్ని.

జూలై 30

మౌస్ మీద చెయ్యి పెట్టాను. ఆ గీతను ఎంచుకున్నాను. 'తుడిచేయాలా?' అని అడిగింది. 'వద్దు' నొక్కాను. మళ్ళీ ఎంచుకున్నాను. ఇలా నాలుగుసార్లు.

ఐదోసారి ప్రింట్ తీశాను.

ఆగస్టు 1, శుక్రవారం

కమిటీ. ముగ్గురు. సిన్హా గారు పక్కన. ముందు ఆయన్ని అడిగారు. తాను నమ్మింది సిస్టమ్స్ ఆఫీసర్ ధ్రువీకరణనే అన్నారు. నావైపు చూడలేదు.

తర్వాత నేను. ప్రింట్ బల్ల మీద పెట్టాను. ఎర్రగీత నలుపు తెలుపు ప్రింట్‌లో ఎర్రగా లేదు, ఏది ఎక్కడుందో వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది.

నడుమ కూర్చున్న పెద్ద డాక్టరు, "సంతకం పెట్టినప్పుడు ఈ సంగతి మీకు తెలుసా?" అన్నారు.

"తెలుసు."

"ఎవరైనా బలవంతం చేశారా?"

ఇంట్లో మా ఆయన చెప్పమన్న మాట నాలుక మీదే ఉంది. సిన్హా గారి మోకాలు బల్ల కింద ఊగుతోంది.

"ఆఫీసర్ పోస్టుకు సిఫారసు పక్కన పెట్టారు. బలవంతం అంటే… నాకు అది కావాలి. చాలా ఏళ్ళుగా కావాలి."

"ఆ రోజు మందుల కౌంటర్ ఆపడానికి ఎవరి అనుమతి కావాలి?"

"రాతలో ఎక్కడా లేదు. నేనే ఆపి ఉండొచ్చు."

రాసుకున్నారు. పెన్ను చప్పుడు వినిపించింది. వెళ్ళొచ్చన్నారు.

ఆగస్టు 4

నిర్ణయం వచ్చేదాకా ఇద్దరం ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. నేను పనిలోకి మాత్రం రావాలి, సర్వర్లు ఇంకెవరికీ తెలియవు కాబట్టి. ఫలకం లాబీలోంచి తీసేశారు. రిజిస్టర్లు బ్లడ్ బ్యాంక్‌కి తిరిగొచ్చాయి.

ఆగస్టు 7, గురువారం

మెమరీ వచ్చింది! మూడు ఇండెంట్లకు రానిది, ఒక్క మెమోకు వచ్చింది. అరచేతిలో పట్టేంత పచ్చ పలకలు, నాలుగు.

బిగించాను. బాగైన మొదటి సర్వర్‌ను మళ్ళీ నేనే ఆపాను. సుశీల సిస్టర్‌ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. బ్లడ్ బ్యాంక్‌ను ఈసారి వరసలో మొదట పెట్టాను. ఐదూ లేచాయి.

"లేచింది సిస్టర్."

"నా రిజిస్టర్లు నా దగ్గరే ఉంటాయి," అంది. చిన్నగానే అంది. వెళ్ళిపోయింది.

ఆగస్టు 10, ఆదివారం

అత్తయ్య ఈ వేళ అన్నం పెట్టింది. చేపముక్క తోక వైపుది వేసింది, నాకు ఇష్టమైనది. తినలేకపోయాను.

ఆగస్టు 11, సోమవారం

మాల్తీకి ఆపరేషన్ తర్వాత పట్టుకున్న జ్వరం తగ్గి జనరల్ వార్డుకు మార్చారు. ఈ ఇరవై రోజులూ ఏదో ఒక వంకతో తను ఉన్న వార్డు వైపు వెళ్తూనే ఉన్నాను. కంప్యూటర్ చూడ్డానికి వచ్చినట్టు నటించి, గుమ్మంలో నిలబడి, వచ్చేయడం.

ఇవాళ తనే పిలిచింది. "దీదీ, రోజూ వచ్చి నన్ను చూసి వెళ్తారు. మీరెవరు?"

బిడ్డ ఒళ్ళో ఉంది. నెత్తిన నూనె రాసి ఉంది, నిద్రపోతోంది. భర్త రాజు స్టూలు మీద కూర్చుని దానిమ్మ ఒలుస్తున్నాడు.

ఎవరో ఒక స్టాఫ్ అని చెప్పి రావచ్చు. నోరు తెరిచేవరకు అదే చెప్తాననుకున్నాను.

చెప్పేశాను. నేను ఎవరో, ఏ కాగితం మీద ఏం రాశానో, ఆ రోజు రక్తం ఎందుకు ఆలస్యమైందో, అనుమతి కోసం నేను ఎంతసేపు కూర్చున్నానో. హిందీలో, తప్పులతో, కంప్యూటర్ మాటలు లేకుండా. ఆలస్యం కాకపోయినా గర్భసంచి తీయాల్సి వచ్చేదేమో తెలియదని డాక్టరమ్మ అన్న మాట కూడా చెప్పాను. చెబుతుంటే, ఆ ఒక్క మాట నా కోసం చెప్పుకుంటున్నట్టు వినిపించింది నాకే.

మాల్తీ బిడ్డను ఇంకాస్త దగ్గరికి జరుపుకుని గోడ వైపు తిరిగింది. ఏడుస్తోందో లేదో వెనక నుంచి తెలియలేదు.

రాజు దానిమ్మ కింద పెట్టి, చేతులు తువ్వాలుకి తుడుచుకుని, నాతో వరండాలోకి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండును. గొంతు పెంచలేదు.

"ఆసుపత్రి వాళ్ళు మాకు ఏమీ చెప్పలేదు మేడమ్. అడిగితే, దేవుడి దయ, తల్లి దక్కింది కదా అన్నారు. ఇప్పుడు మీరు చెప్పిందంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇస్తారా?"

సంతకాలు పెట్టొద్దన్న ఆర్డరు సంగతి చెప్పాను. విన్నాడు.

"బుధవారం డిశ్చార్జ్. అప్పటిదాకా ఆలోచించుకోండి," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. లోపలికి వెళ్ళి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. "ఇస్తే ఉద్యోగమే కాదు, కేసు కూడా నీ మీదే పడుతుంది. పిచ్చా నీకు?" అన్నారు. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ. నిజమే. అంతా నిజమే.

అత్తయ్య అంతా విన్నది. వచ్చి మిన్నీ నోటుబుక్కులోంచి ఒక తెల్లకాగితం చింపి నా ముందు పెట్టి వెళ్ళింది.

తేదీ వేశాను. 'నేను, ఎస్తేరు…' దాకా వచ్చింది. పేరు తర్వాత కామా పెట్టి ఆగాను. అక్కడ హోదా రాయాలి. ఏం రాయను—